ఒక్క గొర్రె పట్టేటంత సందు

మహబూలా, బ్లాక్ మూడు, ఐదో అంతస్తు.
రాత్రి పన్నెండున్నరకు గోడ మీద అరచెయ్యి పెడితే
ఇంకా కాలుతది.
ఫైర్‌వాల్ అంటే ఏందని సాయిలు అడిగితే
ఇమాంబాషా ఆ గోడనే చూపించిండు.
ఆరుగురం నవ్వినం.

రౌటరు కిటికీ ఊచకు ప్లాస్టిక్ తాడుతోని కట్టి ఉంటది,
దాని పక్కన ఎవరిదో ఆరని బనీను.
బాషా ల్యాప్‌టాప్‌ల పడవలాట.
నలుగురుంటేనే పడవ కదులుతది,
మేం ముగ్గురం.
నాలుగో తెడ్డు బీరేశంది.
వాడు వఫ్రాకు అవతల, ఇసుకల,
మూడు వందల గొర్రెలు, ఒక నీళ్ల ట్యాంకరు, ఒక ఫోను.
మందను దొడ్లె పెట్టినంకనే ఆటకొస్తడు.
వచ్చి తలుపుకాడ నిలబడిపోతడు.
కనెక్ట్ కాలేదని ఎర్రక్షరాలు.
మళ్లీ కొడతడు. మళ్లీ ఎర్ర.
మేమందరం ఒకప్పుడు
వేలిముద్ర, రక్తం, ఎక్స్‌రే ఇచ్చి
గసొంటి తలుపుకాడనే నిలబడ్డోళ్లం,
అందుకే వాన్ని చూస్తే మాకు నవ్వు రాదు.

"ఫైర్‌వాల్ మొత్తం ఆపేయ్ ఓదెలన్నా,
యాడో వీడియోలో జెప్పినాడు, రెండు నొక్కులంట."

నేను షువైఖ్ గోదాముకాడ గేటు కావలి.
పన్నెండు గంటలు, ఒక కుర్చీ, ఒక రిజిస్టరు.
బండి నంబరు, పేరు, వచ్చిన టైము, పోయిన టైము.
లారీ ఒకటి లోపలికి రావాల్నని
ప్రహరీ కూలగొట్టమన్నోన్ని
నేనింతవరకు చూడలే.

పైగా అదే వైఫైల
మా ఆరుగురి జీతాలు ఇంటికి పోతయ్.
నిరుడు సాయిలు ఫోన్ల ఎవడో జొరబడి
తొంభై దీనార్లు తీసుకపోయిండు.
సాయిలు ఎవరికీ చెప్పలే.
నెల రోజులు ఖుబ్జు, పెరుగు తిన్నడు,
అట్ల తెలిసింది మాకు.

ఆపనన్న. బాషా మూతి ముడిచిండు.
మొదలు రౌటరు తాళం చూసిన:
పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్.
మూడేండ్ల సంది
తాళంచెవి తాళానికే వేలాడుతున్నది!
మార్చిన. కొత్త మాట బాషాకు కూడ చెప్పలే.
అడిగినోనికల్లా తనంతట తానే తలుపు తీసే
సెట్టింగొకటి ఉన్నది,
దాన్ని పండబెట్టిన.

ఇగ బీరేశానికి దారి.
ఎట్లనో నాకు అంతుపట్టలే.
ఫోన్ చేసి చెప్తే వాడు, అరుపుల నడుమ నుంచి:
"మందను లెక్కబెట్టేటప్పుడు గేటంత తీస్తమా అన్నా?
ఒక్క గొర్రె పట్టేటంత సందు.
ఏది లోపలికొచ్చిందో కండ్లకు కనబడాలె."

గంతే.
బాషా ల్యాప్‌టాప్‌కు మంచం నంబరు లెక్క
మారని అడ్రసొకటి ఇచ్చిన.
ఆట అడిగిన పోర్టు ఒక్కటి,
ఒక్కటంటే ఒక్కటి, ఆ మంచానికే.
ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్‌ల
ఆట పేరు ఎదురుంగ ఇంటి గడిల టిక్కు,
పబ్లిక్ గడి ఖాళీ.
డబ్బాకు అరవై ఐదు వేల తలుపులున్నయట.
మిగిలినయన్నీ ఎట్లున్నయో అట్లనే.

ఒకటీ ఇరవై.
తెర మీద నాలుగో తెడ్డు లేచింది.
"వచ్చిన" అన్నడు బీరేశం.
వెనక గాలి, ఒక గొర్రెపిల్ల, వాని దగ్గు.
పడవ రాయికి కొట్టుకొని
మూడు నిమిషాల్ల మునిగింది.
బాషా తప్పు. కాదు, సాయిలుది.
ఇప్పటికీ తెగలే ఆ పంచాయితి.

రెండున్నరకు అందరు పండుకున్నంక
నేనొక్కన్నే లేచి సందు మూసిన.
పొద్దుగాల బాషా తిట్టిండు,
"రేపు మళ్లా తెర్సాల గదన్నా!"
తీస్త. అడిగితే తీస్త.

డ్యూటీల కూసొని, అలవాటు కొద్ది,
రిజిస్టరు వెనక పేజీల రాసిన:
బీరేశం, వఫ్రా.
వచ్చింది ఒకటీ ఇరవై, పోయింది రెండూ పది.
బండి నంబరు గడిల
ఏం రాయాల్నో తోచక
మూడు వందల గొర్రెలని రాసిన.